మానవతా సంస్థల సమాచార సారథ్యం

యుద్ధం, కరువు, తుఫాను, అంటువ్యాధి వంటి ఆపదల్లో సాయానికి దిగే అంతర్జాతీయ సంస్థ తరఫున లోకంతో మాట్లాడే బాధ్యత ఇది. చందాల విన్నపం, పత్రికలకు వార్తలు, ఫొటోల ఎంపిక, వదంతులకు జవాబు, ఎప్పుడు నోరు విప్పాలి, ఎప్పుడు ఊరుకోవాలి అన్న నిర్ణయం అన్నీ దీని కిందికే వస్తాయి. ఐక్యరాజ్యసమితిలో పాత ప్రజా సమాచార విభాగం పేరు 2019 జనవరిలో ప్రపంచ సమాచార విభాగంగా మారింది. పాత పేరున్నప్పుడు, 2002 నుంచి 2007 దాకా, దానికి అధిపతి శశి థరూర్. 2019లో ఆ పదవికి వచ్చిన మెలిసా ఫ్లెమింగ్ అంతకుముందు శరణార్థుల సంస్థ అధికార ప్రతినిధి. థరూర్ కూడా 1978లో ఆ సంస్థలోనే ఉద్యోగం మొదలుపెట్టారు.

ఈ పనిలో ఉన్నవారికి శ్రోతలు ఇద్దరు: డబ్బిచ్చేవారు, ఆపదలో ఉన్నవారు. నూరేళ్లకు పైగా మాటలన్నీ మొదటివారితోనే నడిచాయి. రెండోవారితో మాట్లాడటం సంస్థలు ఆలస్యంగా నేర్చుకున్నాయి, అదీ దెబ్బలు తిన్నాకే.

ధాత కరువు, మద్రాసు తంతి

తెలుగువారికి సంబంధించినంతవరకు ఈ చరిత్ర 1877లో మొదలవుతుంది. 1832-33లో గుంటూరు సీమను తుడిచిపెట్టిన నందన కరువు కబురు ఓడలమీద లండన్ చేరడానికి నెలలు పట్టేది. ధాత సంవత్సరపు కరువు నాటికి (1876-78) సముద్రం అడుగున తంతి తీగ ఉంది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు మాడిపోతుండగా, 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటించే దర్బారు జరిపాడు. కరువు పనులకొచ్చిన కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం సరిపోతుందని, భారత ప్రభుత్వం తరఫున వచ్చిన రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అది బతకడానికి చాలదని పోరాడి చివరికి పెంచేలా చేశాడు.

ఆగస్టు 4న మద్రాసులో గవర్నర్ బకింగ్‌హామ్ డ్యూక్ ఆధ్వర్యంలో సభ జరిగింది. అక్కడినుంచి లండన్ మేయరుకు తంతి వెళ్లింది. మేయరు మాన్షన్ హౌస్ నిధి తెరిచాడు, నవంబరు దాకా లక్షల పౌండ్లు వచ్చిపడ్డాయి. తనను అడగకుండా బ్రిటన్ ప్రజల ముందు చేయి చాచారని లిట్టన్ మండిపడ్డాడు. ఆ సభ వేసిన మద్రాసు కమిటీకి గౌరవ కార్యదర్శి మద్రాస్ టైమ్స్ సంపాదకుడు విలియమ్ డిగ్బీ. అటు పత్రికలకు రాయడం, ఇటు జిల్లా కమిటీలతో ఉత్తరప్రత్యుత్తరాలు, వచ్చిన సొమ్ముకు లెక్క చెప్పడం, అన్నీ చేశాడు. ఈ ఉద్యోగానికి అప్పటికి పేరు లేదు కానీ, పని మాత్రం ఇదే. నిధిలో పెద్ద భాగం రైతుకు విత్తనాలు, ఎడ్లు కొనిపెట్టడానికి, ఇళ్ల కప్పులు వేయించడానికి పోయింది. 1878లో డిగ్బీ ఈ కథంతా రెండు సంపుటాల పుస్తకంగా వేశాడు. దాత ఏమి ఇచ్చాడో, దొర ఏమి అడ్డుకున్నాడో అందులో దొరుకుతుంది. గంజి తాగిన మనిషి ఏమనుకున్నాడో మాత్రం దాదాపు దొరకదు.

ఆ కరువులోనే మరో చిక్కు వచ్చింది. సైనికాధికారి విలోబీ వాలెస్ హూపర్ ఎముకలు తేలిన మనుషులను వరసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. అలాంటి ఫొటోల ఆధారంగా చెక్కిన బొమ్మలు లండన్ సచిత్ర వారపత్రికల్లో పడ్డాయి, చందాలకు ఊతమిచ్చాయి. ఫొటో తీసి వాళ్లకు అన్నం పెట్టకుండా వచ్చేశాడని హూపర్‌ను తిట్టినవారూ ఉన్నారు. కెమెరా ముందు కూర్చోవడానికి వాళ్ల అనుమతి ఎవరైనా అడిగారా అన్న ప్రశ్న అప్పుడు ఎవరికీ తట్టినట్టు లేదు. అంతకు పదేళ్ల ముందు, 1866 కరువులో, కర్నూలు జిల్లా ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి అన్నం పెట్టాడు. ఆయన పేరును ఊరూరా మోసింది పత్రికలు కాదు, జానపదుల పాటలు. విక్టోరియా రాణి బంగారు పతకం ఆ తరవాత సంగతి.

ఐరోపాలో

1859 సోల్ఫెరీనో యుద్ధభూమిని చూసిన అన్రీ దునా 1862లో సొంత ఖర్చుతో ఒక చిన్న పుస్తకం వేసి ఐరోపా పెద్దలకు పంచాడు. మరుసటి ఏడాదే రెడ్‌క్రాస్‌కు బీజం పడింది. 1919లో ఎగ్లంటైన్ జెబ్ ఆకలితో చిక్కిన ఆస్ట్రియా పాప ఫొటో ఉన్న కరపత్రాలు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పంచి అరెస్టయింది, అయిదు పౌండ్ల జరిమానా పడింది. ఆ ఏడాదే పుట్టిన సేవ్ ద చిల్డ్రన్ పత్రికా ప్రకటనలతో చందా అడగడంలో ఆరితేరింది.

మాట్లాడటం కన్నా ఊరుకోవడం పెద్ద నిర్ణయమైన రోజు 1942 అక్టోబరు 14. నాజీల అకృత్యాల గురించి బహిరంగంగా విన్నపం చేయాలా వద్దా అని జెనీవాలో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ చర్చించి, వద్దనుకుంది. ఖైదీలను చూడటానికి తలుపులు మూసుకుపోతాయన్న భయం ఒక కారణం. ఆ మౌనాన్ని వైఫల్యంగా సంస్థే తరవాత ఒప్పుకుంది. బయాఫ్రా యుద్ధంలో (1967-70) పనిచేసిన ఫ్రెంచి డాక్టర్లలో కొందరు ఆ పద్ధతితో విసిగి, విలేకరులతో కలిసి 1971లో వైద్యుల సంస్థ ఎమ్‌ఎస్‌ఎఫ్‌ను పెట్టారు. చూసినదాన్ని చెప్పడం వాళ్లకు వైద్యంలో భాగం.

దివిసీమ

1977 నవంబరు 19న కృష్ణా డెల్టాను ఉప్పెన ముంచెత్తింది. అవనిగడ్డ, నాగాయలంక వైపు ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయి, మృతులు వేలల్లో తేలారు. తీగలు తెగి, దారులు మునిగి, ఎంత నష్టం జరిగిందో బయటికి తెలియడానికే రోజులు పట్టింది. ఎన్టీఆర్, ఏఎన్నార్ వీధుల్లోకి వచ్చి జోలె పట్టారు. మదర్ థెరిసా వచ్చారు, విదేశీ సంస్థలూ వచ్చాయి. డబ్బు అడిగే విద్య అప్పటికి బాగానే ముదిరింది. కరవైంది ఉప్పెనకు ముందు చేరాల్సిన కబురు.

ఆ పాఠం ప్రభుత్వమే నేర్చుకుంది. 1980ల మధ్యలో ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా నేరుగా తీరప్రాంతాలకు సైరనూ స్థానిక భాషలో హెచ్చరికా పంపే పరికరాలను కోస్తాంధ్ర, ఉత్తర తమిళనాడు తీరాల్లో బిగించారు. 1990 మేలో మచిలీపట్నం దగ్గర అంతే బలమైన తుఫాను వచ్చినప్పుడు లక్షలాది మందిని ముందే తరలించగలిగారు. మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది. సమాచారం కూడా బియ్యం, మందుల్లాగే సహాయ సామగ్రి అని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ సమాఖ్య తన వార్షిక ప్రపంచ విపత్తుల నివేదికకు 2005లో ఇతివృత్తంగా తీసుకుంది. దివిసీమకు ఆ సంగతి అప్పటికే తెలుసు.

దివిసీమకూ ఆ నివేదికకూ నడుమ ఇథియోపియా ఉంది. 1984 అక్టోబరులో కోరెం శిబిరం నుంచి మొహమ్మద్ అమీన్ తీసిన దృశ్యాలు, మైకేల్ బ్యూర్క్ వ్యాఖ్యానం బీబీసీలో వచ్చాక 1985 జులైలో లైవ్ ఎయిడ్ కచేరీ జరిగింది. డబ్బు కుండపోతగా కురిసింది. కళ్ల చుట్టూ ఈగలు ముసిరిన పసివాడు ఆఫ్రికా అంతటికీ ముఖచిత్రమయ్యాడు. విమర్శలు పెరిగి, 1994 నాటి రెడ్‌క్రాస్, స్వచ్ఛంద సంస్థల ప్రవర్తనా నియమావళిలో పదో సూత్రం వచ్చింది: ప్రచారంలో బాధితులను గౌరవం ఉన్న మనుషులుగా చూపాలి, దిక్కులేని వస్తువులుగా కాదు.

భివండీ

మహారాష్ట్రలో ఠాణే జిల్లాలోని ఈ మరమగ్గాల పట్టణం ఏ అంతర్జాతీయ సంస్థకూ కేంద్రం కాదు. రెండో శ్రోతతో మాట్లాడటం ఎంత కష్టమో చూడాలంటే మాత్రం ఇక్కడే చూడాలి. ఉత్తరప్రదేశ్ అన్సారీలు, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి వచ్చిన పద్మశాలీలు, స్థానిక మరాఠీలు ఒకే సందుల్లో మగ్గాలు నడుపుతారు. పద్మానగర్‌లో తెలుగు బోర్డులు కనిపిస్తాయి, ఊళ్లో తెలుగు మాధ్యమం బడులూ నడిచాయి. కార్ఖానాలో మగ్గాల చప్పుడుకు పక్కవాడి మాట చెవిలో అరిస్తే తప్ప వినపడదు. పగటి పాళీ, రాత్రి పాళీ పన్నెండేసి గంటలు. ఇంటికి వచ్చే ఆరోగ్య కార్యకర్తకు తలుపు తీసేది నిద్రమత్తులో ఉన్నవాడో, ఊళ్లో చుట్టం లేని ఒంటరివాడో. నెలవారీ లెక్కన కార్మికులు తినే బిస్సీ అనే భోజనశాలల్లోనే నలుగురూ తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుంటారు.

మాట ఎంత పని చేస్తుందో, ఎంత చెరుపు చేస్తుందో ఈ ఊరికి తెలుసు. 1970 మే 7న శివజయంతి ఊరేగింపుతో రేగిన మత అల్లర్లపై జస్టిస్ మదోన్ కమిషన్ విచారణ జరిపింది. 1984 మేలో మళ్లీ ఊరు తగలబడింది. 1988లో డీసీపీగా వచ్చిన సురేశ్ ఖోపడే పేటపేటకూ మొహల్లా కమిటీలు వేసి హిందువులను, ముస్లింలను ఒకచోట కూర్చోబెట్టారు. పుకారు వీధి దాటకముందే నిజం చెప్పే మనిషి ఆ వీధిలోనే ఉండేలా చేశారు. 1992-93లో ముంబయి మండిపోతున్నప్పుడు భివండీ ప్రశాంతంగా ఉంది. సంస్థలు ఇప్పుడు సమాజ భాగస్వామ్యం అని పెద్ద పేరు పెట్టి చేసే పని దాదాపు ఇదే.

2020 మేలో భివండీ రోడ్ స్టేషన్ నుంచి గోరఖ్‌పూర్‌కు శ్రామిక్ రైలు బయలుదేరింది. లాక్‌డౌన్‌లో పని పోయి చిక్కుకుపోయినవారికి ఆ రోజుల్లో అన్నం ఎంత అవసరమో, రైలు ఎప్పుడు, ఎక్కడ పేరు రాయించుకోవాలి అన్న నికరమైన కబురూ అంతే అవసరమైంది. 2022 చివర్లో ముంబయి, మాలేగావ్‌లతోపాటు ఇక్కడా తట్టు ప్రబలింది. టీకా వేయించుకోని పిల్లలకే ఎక్కువ ప్రమాదం. రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక టీకా కార్యక్రమం చేపట్టి, మత పెద్దల చేత చెప్పించే ప్రయత్నం చేసింది. అలాంటి కార్యక్రమానికి ఒకే పోస్టరు అచ్చువేస్తే భివండీలో సగం గుమ్మాల దగ్గరే ఆగిపోతుంది. ఉర్దూ, హిందీ, మరాఠీ, తెలుగు నాలుగూ కావాలి. పాళీ మారే వేళకు చేరాలి. చెప్పేవాడు ఆ సందువాడై ఉండాలి.