పాత కారు గేర్‌బాక్సు నుండి నూనె కారుతున్నదా? కారణ నిర్ణయం, మరమ్మతు విధానం

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి కార్లు నేడు కర్మాగారాల నుండి వెలువడుట లేదు. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో నిలిచిపోయినది. ముంబైలోని కుర్లాలో పద్మిని తయారీ అంతకు ఎంతో ముందే ముగిసినది. అయినను బెంగళూరు నగరంలోను, హిందూపురం, మదనపల్లె, పలమనేరు, కుప్పం, కోలారు ప్రాంతాలలోను తండ్రుల నాటి కారును భద్రపరచుకొని నడుపుకొనుచున్న వారు నేటికీ ఉన్నారు. అట్టి వారిని తరచుగా వేధించు సమస్య గేర్‌బాక్సు నుండి నూనె కారుట.

కారు నిలిపిన చోట నేలపై కనిపించు నాలుగు చుక్కలను చాలామంది తేలికగా తీసుకొందురు. కాని గేర్‌బాక్సులో నూనె తగ్గినట్లు తెలుపు ముల్లు గాని, దీపము గాని ఈ కార్లలో లేదు. మొగిలి ఘాటు వంటి ఎగుడు దారిలో బరువుతో పోవునపుడు నూనె చాలని గేర్లు, బేరింగులు వేడెక్కి అరిగిపోవును. పది రూపాయల వాషరుతో పోవలసిన దోషము చివరకు దొరకని గేర్ల కొరకు వెదకు దుస్థితికి దారితీయును.

ఏ నూనె కారుచున్నది?

ముందుగా తేల్చుకొనవలసినది ఇదియే. రాత్రి కారు క్రింద తెల్లని అట్టను పరచి, ఉదయం చుక్కల రంగును, వాసనను, అవి పడిన చోటును పరిశీలించవలెను. నల్లగా లేక గోధుమవర్ణంలో ఉండి కారు ముందుభాగాన పడినది ఇంజన్ ఆయిల్. చిక్కగా ఉండి గంధకపు ఘాటు వాసన వచ్చునది గేర్ ఆయిల్. పలుచగా, జారుడుగా, దాదాపు రంగు లేకుండ ఉండి పెయింటును పాడుచేయునది బ్రేకు లేక క్లచ్ ద్రవము. ఎర్రగా, పలుచగా ఉన్నది ఆటోమేటిక్ గేర్‌బాక్సు ద్రవము. ఇది మన దేశపు పాత కార్లలో అరుదు. 1950, 60 దశకాలలో దిగుమతియైన అమెరికన్ కార్లలో కనిపించును.

ఇచట ఒక జాగ్రత్త అవసరము. ఆ కాలపు కొన్ని బ్రిటిష్ కార్ల గేర్‌బాక్సులలో ఇంజన్ ఆయిల్‌నే పోయవలెనని తయారీదారులు సూచించినారు. కనుక మీ కారు పుస్తకంలో ఏ నూనె వ్రాసియున్నదో చూడక రంగును బట్టి మాత్రమే నిర్ణయించరాదు.

కారు చోటును కనుగొనుట

కారు నడచునపుడు గాలి నూనెను వెనుకకు నెట్టును. అందుచేత చుక్క పడిన చోటు వేరు, కారు చోటు వేరు. గేర్‌బాక్సును కిరసనాయిలుతో, బ్రష్షుతో శుభ్రపరచి, ఆరబెట్టి, దానిపై టాల్కం పౌడరు చల్లవలెను. పిదప పది కిలోమీటర్లు నడిపి చూచిన తడిసిన జాడ స్పష్టముగా కనిపించును. తడిలో అన్నింటికంటె పైన, అన్నింటికంటె ముందు ఉన్న బిందువే దోషస్థానము.

కేవలం జాకీపై నిలిపిన కారు క్రిందికి ఎన్నడును దూరరాదు. గట్టి స్టాండ్లు ఉంచి, చక్రాలకు అడ్డుకట్టలు వేయుట తప్పనిసరి.

సాధారణ కారణాలు, చికిత్స

1. బ్రీదర్ మూసుకొనిపోవుట: గేర్‌బాక్సు వేడెక్కినపుడు లోపలి గాలి వెలుపలికి పోవు చిన్న మార్గమిది. దుమ్ముతో మూసుకొనిన ఒత్తిడి పెరిగి, మంచి సీలు నుండి కూడ నూనె కారును. సీలు మార్చుటకు ముందు దీనిని శుభ్రపరచవలెను. దీనికి ఖర్చు లేదు.

2. నూనె ఎక్కువగుట: కారును సమతల నేలపై నిలిపి నింపు రంధ్రపు అంచు వరకే పోయవలెను. కొలమాన కడ్డీ ఉన్నచో దాని గీత దాటరాదు.

3. డ్రెయిన్ ప్లగ్, మూతలు: ప్లగ్ వాషరును మార్చవలెను. మూత కారుచున్నచో బోల్టులను అతిగా బిగించిన మూత వంగి కారుట హెచ్చును. పాత ప్యాకింగును పూర్తిగా గీకివేసి, క్రొత్తది అమర్చి, ఎదురెదురు బోల్టులను కొద్దికొద్దిగా బిగించవలెను.

4. వెనుక ఆయిల్ సీలు: ప్రొపెల్లర్ షాఫ్టు కలియు చోట కారుచున్నచో దోషము తరచుగా ఇదియే. షాఫ్టును విప్పుటకు ముందు రెండు ఫ్లాంజులపై గుర్తు పెట్టుకొని, తిరిగి అదే స్థితిలో బిగించవలెను. లేనిచో అదురు పుట్టును. సీలు పెదవి నూనె వైపునకు ఉండవలెను. పెదవికి నూనె పూసి, సరిపడు గొట్టంతో అన్ని వైపుల సమముగా తట్టి దించవలెను. షాఫ్టుపై గాడి పడియున్నచో క్రొత్త సీలు కూడ నిలువదు. సీలును కొద్దిగా లోతు మార్చి కూర్చొనబెట్టుట, లేక షాఫ్టుకు పలుచని స్లీవు తొడిగించుట మార్గము. షాఫ్టు ఊగుచున్నచో మొదట బేరింగు మార్చవలెను.

5. ముందు వైపు నుండి: క్లచ్ హౌసింగు అడుగు నుండి నూనె వచ్చుచున్నచో అది ఇంజన్‌ది కావచ్చును, గేర్‌బాక్సుది కావచ్చును. నూనె తగిలిన క్లచ్ జారును. గేర్‌బాక్సును దింపక తప్పదు. దింపినపుడే క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు కూడ పరీక్షించిన రెండవసారి కూలి తప్పును.

ఆటోమేటిక్ కార్లలో అడుగు పాన్ ప్యాకింగు, కూలరు గొట్టాలు ముందుగా చూడదగినవి. వాక్యూమ్ మాడ్యులేటర్ గల వాటిలో నేలపై చుక్క పడకనే ద్రవము తగ్గి, సైలెన్సరు నుండి తెల్లని పొగ వచ్చినచో, దాని లోపలి పొర చిరిగి ఇంజన్ ద్రవమును పీల్చుచున్నదని అనుమానించవలెను.

విడిభాగాలు

బెంగళూరు జె.సి. రోడ్డు మోటారు విడిభాగాల అంగళ్లకు ప్రసిద్ధి. అక్కడికి పాత సీలును వెంట తీసుకొనిపోవలెను. దానిపై లోపలి వ్యాసము, బయటి వ్యాసము, మందము మిల్లీమీటర్లలో ముద్రించియుండుట కద్దు. కారు పేరుతో దొరకనిది కొలతతో దొరకవచ్చును. కారుట ఆపునని అమ్ము మందులు రబ్బరును కొంతకాలము ఉబ్బించును గాని అరిగిన సీలును బాగుచేయవు. ఇత్తడి సింక్రో రింగులు గల గేర్‌బాక్సులో పుస్తకం చెప్పనిదే జీఎల్-5 తరగతి నూనె పోయరాదు.

2021లో కేంద్ర మోటారు వాహనాల నియమావళికి చేసిన సవరణ 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో గణనీయమైన మార్పులు లేని కార్లను వింటేజ్ వాహనాలుగా గుర్తించినది. కనుక అసలు భాగాలను కాపాడుకొనుట అన్ని విధాల లాభదాయకము.

దింపిన నూనెను వీధి కాలువలో పోయరాదు. బెంగళూరు రాజకాలువలు బెళ్లందూరు వంటి చెరువులకే చేరును. డబ్బాలో పట్టి, పాత నూనె సేకరించు అనుమతి గలవారికి అప్పగించవలెను.

చివరిగా ఒక మాట. ఆ కాలపు కొన్ని యంత్రాలలో రబ్బరు సీలుకు బదులు నూనెను వెనుకకు త్రోయు మరచుట్టు మాత్రమే ఉండెడిది. అట్టి వాటి నుండి రాత్రికి ఒకటి రెండు చుక్కలు పడుట రోగము కాదు. నెలకొకసారి మట్టము చూచి నింపిన చాలును. చుక్కలు హెచ్చిన నాడు మాత్రము ఆలస్యము తగదు.