సెల్ రిసెప్టార్ కదిలితే పసుపు వెలుగు.. గుట్టు పట్టిన సీసీఎంబీ

హైదరాబాద్: ఆందోళన తగ్గించే బస్పిరోన్ మందు ప్రధానంగా పనిచేసేది సెరటోనిన్-1ఏ రిసెప్టార్ మీదే. కణం పైపొరలో ఉండే ఈ రిసెప్టార్ కదలికలు తెలిసేదెలా? హైదరాబాద్ సీసీఎంబీలో అమితాభ చటోపాధ్యాయ బృందం దాని చివర పసుపు రంగులో మెరిసే ప్రోటీన్‌ను తగిలించింది. 2008లో నోబెల్ తెచ్చిపెట్టిన జెల్లీఫిష్ ప్రోటీన్‌కు ఇది మార్పు చేసిన రూపం. బతికున్న హామ్‌స్టర్ కణంపై చిన్న చోట లేజర్‌తో ఆ మెరుపు పోగొట్టారు. చుట్టుపక్కల నుంచి మెరిసే రిసెప్టార్లు అక్కడికి ఎంత త్వరగా చేరతాయో లెక్కగట్టారు. రిసెప్టార్‌ను ఉత్తేజపరిచి జీ-ప్రోటీన్‌ను పనిలోకి దింపితే, రిసెప్టార్ వేగం పెరిగినట్టు తేలింది. ఈ ఫలితాలు 2004లో వెలువడ్డాయి. అంటే రిసెప్టార్ పనిలోకి దిగిందో లేదో, కణాన్ని చంపకుండానే దాని నడకను బట్టి చెప్పొచ్చన్నమాట.