కమాను కట్ట మన్నిక

కమాను కట్ట అంటే వాహనం బరువును ఇరుసు మీద మోస్తూ, రోడ్డు కుదుపును తాను వంగి ఓర్చుకునే ఉక్కు పట్టాల దొంతర. లారీలు, పాతకాలపు బస్సులు, చిన్న ట్రక్కులు, నాలుగు చక్రాల ట్రాక్టరు ట్రాలీలు ఎక్కువగా దీని మీదే నడుస్తాయి. అన్నిటికన్నా పైన పొడవాటి మెయిన్ పట్టా ఉంటుంది. దాని రెండు కొనలనూ గుండ్రంగా చుట్టి కన్నులు చేస్తారు. దాని కింద ఒకదానికన్నా ఒకటి పొట్టిగా మిగిలిన పట్టాలను పేరుస్తారు. సెంటర్ బోల్టు పట్టాలన్నిటినీ మధ్యలో గుచ్చి పడుతుంది, యు బోల్టులు కట్టను ఇరుసుకు బిగిస్తాయి. ఒక కన్ను పిన్నుతో ఛాసిస్‌కు నేరుగా తగులుకుంటే, రెండో కన్ను ఊగే షాకిల్‌కు వేలాడుతుంది. కట్ట వంగినప్పుడల్లా కన్నుల మధ్య దూరం మారుతుంది కాబట్టి ఒక వైపు ఈ వెసులుబాటు తప్పనిసరి.

కడప జిల్లాలో ఈ భాగం మన్నిక చాలా కుటుంబాల రాబడితో ముడిపడిన విషయం. ఎర్రగుంట్ల, నిడుజువ్వి, జమ్మలమడుగు, ముద్దనూరు ప్రాంతాల నాపబండలు, సిమెంటు కర్మాగారాలకు వెళ్లే సున్నపురాయి, రాయలసీమ థర్మల్ కేంద్రం బూడిద, ఉమ్మడి జిల్లాలోని మంగంపేట ముగ్గురాయి అన్నీ బరువైన సరుకులే. వీటిని మోసే లారీల్లో అన్నిటికన్నా ముందు అలిసేది వెనుక కట్ట.

స్ప్రింగు లేని బండి

లారీ రాకముందు ఈ బరువులన్నీ ఎద్దులబండి మోసింది. దానికి స్ప్రింగు లేదు. నొగలు, బండి పరుపు నేరుగా ఇరుసు మీదే కూర్చునేవి. అప్పట్లో మన్నిక అంటే చక్రం కుండ అరగకుండా, ఆకులు వదులు కాకుండా, పూటీల మీద ఎక్కించిన ఇనుప కమ్మి జారకుండా, కడసీల ఊడకుండా చూసుకోవడం. ఆముదంలో గడ్డి మసి కలిపిన కందెనతో ఇరుసు కొనలను కాపాడేవారు. బండికి స్ప్రింగు లేకపోవడాన్ని వెనకబాటుగా చూడటం సరికాదు. గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు నడిచే బండికి గుంతలో పడే దెబ్బ చిన్నది. చక్రం వేగం పెరిగేకొద్దీ ఆ దెబ్బ బలం పెరుగుతుంది. స్ప్రింగు అవసరం వేగంతోనే వచ్చింది. 1930ల తర్వాత గాలి టైర్ల బండ్లు వచ్చినప్పుడు కూడా కుదుపును తీసుకున్నది టైరులోని గాలే. ఇప్పటికీ రెండు చక్రాల ట్రాక్టరు ట్రాలీలు చాలావాటికి కమాను ఉండదు. శివరాత్రికి పెండ్లిమర్రి మండలం పొలతల మల్లికార్జునస్వామి క్షేత్రానికి అలాంటి ట్రాలీలో కొండదారిన వెళ్లినవారి నడుములకు ఆ తేడా బాగా తెలుసు.

పట్టాల దొంతర, లోహపు అలసట

లాగిన కొద్దీ స్ప్రింగు సాగుతుందని, ఆ రెంటికీ ఒకే నిష్పత్తి ఉంటుందని ఆంగ్ల శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. 1804లో లండన్ బండ్ల తయారీదారు ఒబదయా ఎలియట్ రెండు విల్లులను ఎదురెదురుగా కలిపినట్టుండే పట్టాల స్ప్రింగుకు పేటెంటు పొందాడు. ఆ రెండు విల్లులలో ఒకటి తీసేస్తే మిగిలేది నేటి లారీ కట్ట రూపమే.

మన్నిక గురించిన అసలు పాఠం మాత్రం రైలు నుంచి వచ్చింది. 1842 మే నెలలో ఫ్రాన్సులోని వెర్సాయ్ దగ్గర ఇంజను ఇరుసు విరిగి పెద్ద ప్రమాదం జరిగింది. మోయగలిగిన బరువే మోస్తున్న ఇరుసు ఎందుకు విరిగిందన్న ప్రశ్న ఐరోపా ఇంజనీర్లను చాలాకాలం వేధించింది. జర్మనీ రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్ 1850ల నుంచి 1870 దాకా చేసిన ప్రయోగాలు జవాబు చెప్పాయి. ఒక్కసారి పెట్టినప్పుడు లోహాన్ని ఏమీ చేయలేని బరువు, పదేపదే పెట్టి తీస్తుంటే దాన్ని విరగ్గొడుతుంది. దీన్నే లోహపు అలసట అంటారు. బరువు కొంచెం తగ్గితే ఆయుష్షు ఎన్నో రెట్లు పెరుగుతుంది, కొంచెం పెరిగితే అంతగానూ పడిపోతుంది. వోలర్ ఈ పని ముగించిన మరుసటి ఏడాదే, 1871లో, కడప, ఎర్రగుంట్ల మీదుగా సాగే మద్రాసు రైలుదారి రాయచూరు దగ్గర బొంబాయి దారిని కలిసింది. జిల్లా నేల మీద పట్టాల స్ప్రింగులు పెద్ద ఎత్తున బరువు మోసింది మొదట రైలు పెట్టెల కిందే.

లారీ రాక

తెలుగు నేలపై ప్రభుత్వ బస్సులు 1932లో నిజాం రాష్ట్రంలో 27 వాహనాలతో మొదలయ్యాయి. ఆల్బియన్ కంపెనీ తయారీ అయిన ఆ బస్సులు నడిచింది కమాను కట్టల మీదే. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న లారీలు సరుకు రవాణాలోకి దిగాయి. 1954లో టాటా సంస్థ జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీల తయారీ మొదలుపెట్టింది. 1948లో ఏర్పడిన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. కొన్ని దశాబ్దాల పాటు దక్షిణాది రోడ్ల మీద కనిపించిన లారీల్లో అత్యధికం ఈ రెండు వంశాలవే. కాబట్టి మెకానిక్కులు నేర్చిన కమాను విద్య కూడా వీటి చుట్టూనే పెరిగింది.

ఈ లారీలను తయారుచేసినవారు వెనుక రెండు అంచెల ఏర్పాటు పెట్టారు. ఖాళీ బండికి ప్రధాన కట్ట చాలు. లోడు పడి ఛాసిస్ కిందికి దిగినప్పుడు పైనున్న హెల్పర్ కట్ట కూడా ఆనుకుని బరువు పంచుకుంటుంది. ఒకే కట్టను గట్టిగా చేస్తే ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు బండి ఎగిరెగిరి పడుతుంది, టైర్లు, ఛాసిస్ రివిట్లు దెబ్బతింటాయి. పులివెందుల చీనీకాయలు, అరటి గెలలు ఉత్తరాది మార్కెట్లకు లారీల్లో వెళ్తాయి. అరటికి మెత్తటి కమాను కావాలి. రాతికోసం గట్టిపరచిన బండిలో గెలలు వేస్తే కాయ కమిలిపోతుంది.

నాపబండ లెక్క

విలియం కింగ్ 1872లో భారత భూవిజ్ఞాన సర్వే తరఫున కడప, కర్నూలు శిలల మీద గ్రంథం ప్రచురించి, ఇక్కడి పొరల్లో ఒక వర్గానికి జమ్మలమడుగు పేరే పెట్టాడు. నాపబండగా తీసే నర్జి సున్నపురాయి ఆ వర్గానికి చెందిందే. పొరలు పొరలుగా చీలే గుణం వల్ల అది నేల పరచడానికి, అరమరలకు, వంటింటి గట్లకు దేశమంతటా వెళ్తుంది. ఘనమీటరు రాయి దాదాపు 2.7 టన్నులు తూగుతుంది. అంగుళం మందం ఉన్న చదరపు అడుగు బండ ఆరు కిలోల పైచిలుకు ఉంటుంది. అంటే పది టన్నులు కావడానికి సుమారు 1,600 చదరపు అడుగుల బండలు చాలు. అంత రాయిని పదిహేడు అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు ఉన్న తొట్టిలో పరిస్తే అడుగు ఎత్తు మాత్రమే వస్తుంది.

కమాను కట్ట కష్టమంతా ఈ లెక్కలో ఉంది. గడ్డి, పత్తి వేసిన లారీలో బరువు నిండకముందే చోటు నిండుతుంది. రాతి లారీలో కట్ట మోయాల్సినంత మోస్తున్నప్పటికీ తొట్టి కంటికి ఖాళీగానే కనిపిస్తుంది. కిరాయి టన్ను లెక్కన ఉన్నచోట ఆ ఖాళీని నింపాలనిపించడం సహజం. పైగా బండలను నిలువుగా, ఒకదానికొకటి ఆనించి పేరుస్తారు. పేర్పు ఒక పక్కకు ఒరిగితే ఆ వైపు కట్ట మీద అదనపు భారం పడుతుంది.

విరిగే చోట్లు

బరువు పడ్డప్పుడు వంపు తిరిగిన పట్టా చదును అవుతుంది. అప్పుడు దాని పైతట్టు సాగుతుంది, కిందితట్టు నొక్కుకుంటుంది. బీట సాధారణంగా సాగే వైపు, అంటే పైతట్టున పుడుతుంది. చిన్న తుప్పు గుంట, సుత్తి గాటు, పట్టాలు రాసుకుని పడిన గీత, ఏదైనా దానికి మొదలు కావచ్చు. విరిగిన ముక్కను చూస్తే చరిత్ర మొత్తం తెలుస్తుంది. నెమ్మదిగా పాకిన భాగం నున్నగా, కొన్నిసార్లు తుప్పు రంగులో ఉంటుంది. చివరి కుదుపుకు తెగిన భాగం గరుకుగా ఉంటుంది.

ఎక్కువగా విరిగేది సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర. యు బోల్టులు బిగుతుగా ఉన్నంతకాలం ఆ చోటు వంగదు, రంధ్రం వల్ల నష్టమూ ఉండదు. అవి సడలితే మాత్రం వంపంతా ఆ బలహీనమైన చోటుకే చేరుతుంది. కొత్త కట్ట వేసి కొంత దూరం లోడుతో నడిచాక పట్టాలు సర్దుకుంటాయి. అందుకే యు బోల్టులను మళ్లీ బిగించాలి. మన్నికకు ఇంత మేలు చేసే, ఇంత చవకైన పని మరొకటి లేదు. రెండో చోటు మెయిన్ పట్టా కన్ను. బ్రేకు వేసినప్పుడు ఇరుసు వెనక్కి గుంజే బలం మొత్తం దాని ద్వారానే ఛాసిస్‌కు చేరుతుంది. మూడోది, ఒక పట్టా కొన పై పట్టాను రాసుకునే చోటు.

ఇక్కడి నేలలు ఈ మూడింటికీ తోడవుతాయి. పాలకొండల ఇసుకలో ఉండే క్వార్ట్జ్ రేణువులు స్ప్రింగు ఉక్కుకన్నా గట్టివి. అవి పట్టాల మధ్య చేరితే సాన పట్టినట్టే. పెండ్లిమర్రి, వేంపల్లె వైపు రేగడి పొలాల దారుల్లో వానకు పడిన గాడులు ఎండకు గట్టిపడతాయి. ఒక చక్రం గాడిలో, మరొకటి గట్టు మీద నడిచినప్పుడు కట్ట కిందికి వంగడంతోపాటు పక్కకు మెలి తిరుగుతుంది. ఆ మెలిక పట్టాలను కలిపి పట్టే క్లిప్పులను ఊడగొడుతుంది, క్లిప్పులు లేని కట్టలో పట్టాలు విచ్చుకుని మెయిన్ పట్టా ఒంటరిగా భారం మోస్తుంది.

ఉక్కు, సత్తువ

కట్ట ఉక్కులో సిలికాన్, మాంగనీసు కలుపుతారు. మరింత సత్తువ కావాలంటే క్రోమియం, వనేడియం చేరుస్తారు. పట్టాను ఎర్రగా కాల్చి, వంపు తిప్పి, నూనెలో ముంచి చల్లార్చి, మళ్లీ సుమారు 400–500 డిగ్రీల సెల్సియస్ వేడిలో పదును దించుతారు. ఈ క్రమంలో ఏది తప్పినా పట్టా పెళుసైపోతుంది, లేదా వంగి తిరిగి లేవదు.

అన్నిటికన్నా పెద్ద మేలు చేసింది షాట్ పీనింగ్. సాగే తట్టు మీద చిన్న ఉక్కు గుళ్లను వేగంగా కొడితే పైపొర నొక్కుకుపోయి ఉంటుంది, బీట తెరుచుకోవడానికి ముందు ఆ నొక్కుడును దాటాలి. జనరల్ మోటార్స్ ఇంజనీరు జె. ఓ. ఆల్మెన్ 1940ల నాటికి ఈ పద్ధతిని కొలతలతో కూడిన శాస్త్రంగా నిలబెట్టాడు. రోడ్డు పక్క కొలిమిలో పట్టాను వేడిచేసి వంపు తీస్తే ఈ రక్షణ పోతుంది. విరిగిన పట్టాకు వెల్డింగు చేయడం ఇంకా ప్రమాదం. అతుకు పక్కన ఉక్కు గాజులా పెళుసై, మళ్లీ అక్కడే తెగుతుంది.

అదనపు పట్టా, చట్టం

కట్ట విరిగిన ప్రతిసారీ ఒక పట్టా ఎక్కువ వేయించడం లారీ యజమానుల్లో పాతుకుపోయిన అలవాటు. ఎనిమిది సమానమైన పట్టాల కట్టకు తొమ్మిదోది చేరిస్తే ఒక్కో పట్టా మీద ఒత్తిడి తొమ్మిదో వంతు తగ్గుతుంది. ఆ ధైర్యంతో బరువు ఒకటిన్నర రెట్లు చేస్తే, పట్టా మీద ఒత్తిడి మొదటికన్నా మూడో వంతు పెరుగుతుంది. కట్ట ఆయుష్షు తగ్గడమే కాక, వంగని కట్ట కుదుపును ఇరుసుకు, బేరింగులకు, ఛాసిస్‌కు పంపుతుంది. చివరి దెబ్బ రోడ్డుకు. అమెరికాలో 1958–1960 మధ్య ఆషో (అక్కడి రాష్ట్రాల రహదారి అధికారుల సంఘం) జరిపిన రోడ్డు పరీక్షలో, ఇరుసు బరువు పెరిగితే రోడ్డుకు జరిగే నష్టం సుమారుగా దాని నాలుగో ఘాతంలో పెరుగుతుందని తేలింది. బరువు ఒకటిన్నర రెట్లయితే నష్టం ఐదు రెట్లు. ఆ గుంతలే తిరిగి కట్టను విరుస్తాయి.

1988 మోటారు వాహనాల చట్టం 113వ సెక్షను బరువు పరిమితిని తప్పనిసరి చేసింది. అదనపు బరువును రుసుము కట్టించుకుని అనుమతించే రాష్ట్రాల పద్ధతులను 2005లో పరమ్‌జీత్ భాసిన్ కేసులో సుప్రీంకోర్టు తప్పుబట్టింది. 2018 జులైలో కేంద్రం నాలుగు టైర్ల ఒంటి ఇరుసు పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5కు, జంట ఇరుసులకు 19 నుంచి 21కి పెంచింది. 2019 సవరణతో అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు అయింది. పరిమితి పెరిగినంత మాత్రాన పాత లారీ కట్టల సత్తువ పెరగదని మాత్రం గుర్తుంచుకోవాలి.

కొత్త రూపాలు, పాత పట్టాలు

పారాబోలిక్ కట్టలో రెండు మూడు పట్టాలే ఉంటాయి. ప్రతి పట్టా నడుమ మందంగా, కొసలకు పలచబడుతూ ఉంటుంది కాబట్టి ఒత్తిడి పొడవంతా సమంగా పరుచుకుంటుంది, రాపిడి తక్కువ, బరువూ తక్కువ. 2005లో వచ్చిన టాటా ఏస్ ముందు ఇరుసుకు ఇలాంటివే వాడారు. రాతి టిప్పర్లలో వెనుక జంట ఇరుసుల మధ్య తలకిందులుగా అమర్చిన కట్ట రెండు ఇరుసులకూ భారాన్ని సమానంగా పంచుతుంది. బస్సులు గాలి సంచుల వైపు మళ్లాయి. 1981లో షెవ్రోలే కార్వెట్ కారుకు గాజునార కట్ట వచ్చినా, గనుల దారుల్లో ఉక్కు స్థానం కదల్లేదు. పారాబోలిక్ పట్టాకు ఊళ్లో దొరికే మామూలు పట్టాను జతచేయడం కుదరదు. విరిగితే అదే కొలతది కొనాలి. చిన్న యజమానులు చాలామంది పాత కట్టకే మొగ్గు చూపడానికి ఇదొక ముఖ్య కారణం.

లారీకి పనికిరాని పట్టా కమ్మరి కొలిమికి చేరుతుంది. కొడవళ్లు, గొడ్డళ్లు, నాగలి కర్రులు చేయడానికి అంత మంచి ఉక్కు మరో చోట చవకగా దొరకదు. అలసిన పట్టాలో కంటికి కనిపించని బీటలు ఉండవచ్చు. అందువల్ల సెంటర్ బోల్టు రంధ్రం ఉన్న నడుమ భాగాన్ని, కన్ను పక్క భాగాన్ని వదిలేసి మిగిలిన పొడవును వాడటం క్షేమం.