స్పాంజ్ ఐరన్ బట్టీలో ఏం జరుగుతుంది? పొగ తగ్గేదెలా?

చిలమత్తూరు: మండలానికి ఒకవైపు హిందూపురం పారిశ్రామికవాడలు, మరోవైపు కర్ణాటక సరిహద్దు ఉన్నాయి. బళ్లారి ప్రాంతంలో స్పాంజ్ ఐరన్ బట్టీలు అనేకం. ఇనుప పరిశ్రమ మాట వింటే పైరుపై మసి పడుతుందేమోనని రైతులు సందేహించడం సహజం. ఆ మసి ఎక్కడ పుడుతుందో తెలిస్తే ఎక్కడ ఆపాలో కూడా తెలుస్తుంది.

ఇనుప ఖనిజంలో ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఉంటుంది. ఖనిజాన్ని కరిగించకుండా, రాయిగా ఉండగానే వాయువుతో ఆ ఆక్సిజన్‌ను తొలగిస్తే మిగిలేది స్పాంజ్ ఐరన్. నిండా సన్నని రంధ్రాలు ఉండటంతో ఆ పేరు వచ్చింది. తిరిగే పొడవాటి బట్టీలో ఖనిజం, బొగ్గు, గంధకాన్ని పీల్చేందుకు కొంత డోలమైట్ వేసి సుమారు 1,000 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేస్తారు. బొగ్గు నుంచి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్‌ను లాక్కుని కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది.

బొగ్గుతో ఈ ఉత్పత్తికి దేశంలో బాట వేసింది మన తెలుగు నేలే. నాటి ఖమ్మం జిల్లా పాల్వంచలో ఐక్యరాజ్యసమితి సహకారంతో నిర్మించిన ప్రభుత్వరంగ కర్మాగారం 1980లో ఉత్పత్తి ప్రారంభించింది. ఆ సంస్థ 2010లో ఎన్ఎండీసీలో విలీనమైంది.

చిక్కంతా బొగ్గుతోనే. బట్టీ నుంచి వచ్చే వాయువులో ధూళి, మసి, మండకుండా మిగిలిన కార్బన్ మోనాక్సైడ్ ఉంటాయి. దానిని మరో గదిలో పూర్తిగా మండించి, విద్యుదావేశంతో ధూళిని పట్టే ఈఎస్‌పీ గుండా పంపాలి. బొగ్గు ఆధారిత బట్టీల పొగగొట్టం నుంచి వెలువడే ధూళి ఘనపు మీటరుకు 100 మిల్లీగ్రాములు మించరాదని 2008లో కేంద్రం నిబంధన విధించింది. అయితే కరెంటు పోయినా, యంత్రం మొరాయించినా బట్టీ వద్ద అత్యవసర మూత తెరుచుకుంటుంది. అప్పుడు పొగ శుద్ధి కాకుండానే ఊళ్లపైకి వస్తుంది.

బొగ్గు బదులు సహజవాయువు వాడితే ఈ బెడద చాలావరకు తప్పుతుంది. ఉత్ప్రేరకానికి పని ఇక్కడే. నికెల్ పూసిన గుళికలు నింపిన గొట్టాల గుండా వేడి వాయువును పంపితే అది హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్‌లుగా విడిపోతుంది. నికెల్ తాను ఖర్చుకాదు గానీ, గంధకం సోకితే పనిచేయడం మానేస్తుంది. అందుకే వాయువును ముందుగానే శుభ్రం చేస్తారు. గుజరాత్‌లోని హజీరాలో 1990 నుంచి ఈ విధానం నడుస్తోంది. స్వీడన్‌లోని లూలియోలో 2021లో కేవలం హైడ్రోజన్‌తోనే ప్రయోగాత్మకంగా స్పాంజ్ ఐరన్ తీశారు. అందులో కార్బన్ డయాక్సైడ్‌కు బదులు నీటి ఆవిరి వస్తుంది.

ఇంత ఖర్చు చిన్న బట్టీలకు తలకు మించిన భారమే. కాబట్టి బొగ్గు బట్టీ ప్రతిపాదన వచ్చినప్పుడు ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే, కరెంటు పోతే ఈఎస్‌పీని ఎలా నడుపుతారు, అత్యవసర మూత తెరిచిన వేళలను ఎక్కడ నమోదు చేస్తారు అన్న రెండు ప్రశ్నలూ అక్కడే అడిగి, జవాబులను రికార్డులో రాయించుకోవాలి. పెద్ద పరిశ్రమలకు 2006 నోటిఫికేషన్ ప్రకారం ఈ సభ గురించి కనీసం 30 రోజుల ముందు పత్రికా ప్రకటన ఇవ్వాలి.