అయిదు పుల్లల చుక్క

"అమ్మా, రేపు స్కూలుకి స్టార్ తీసుకెళ్ళాలి" అన్నాడు మా చిన్నాడు, రాత్రి తొమ్మిదింటికి, సరిగ్గా నేను వంటింట్లో లైటు ఆర్పబోతుండగా. ఇలాంటివి పిల్లలకి పగటిపూట చచ్చినా జ్ఞాపకం రావు. మీ ఇంట్లోనూ అంతే కదూ!

"చౌరస్తాలో ప్లాస్టిక్‌వి బోలెడు. పొద్దున్నే తెచ్చేస్తాలే" అన్నారు మావారు.

"కొన్నది కాదట, చేసిందే కావాలట."

ఇక తప్పదని అటకమీది చిల్లుబుట్ట దింపి బద్దలు ఊడదీశాను. సంక్రాంతికి దాచిన పతంగుల కాగితాలు రెండు దొరికాయి. వాడు బద్దల్ని అటూ ఇటూ పేర్చి, "స్టార్‌కి అయిదు మూలలే ఎందుకమ్మా?" అన్నాడు.

అయిదే ఉండాలని ఎక్కడా లేదు. జర్మనీలో నీస్కీ అనే ఊళ్ళో మొరేవియన్ క్రైస్తవుల బడి ఒకటుండేది. 1830ల నాటి మాట. అక్కడ పిల్లలకి క్షేత్రగణితం ఒంటబట్టాలని కాగితంతో నక్షత్రాలు చేయించేవారు. పద్దెనిమిది చతురస్రాలు, ఎనిమిది త్రిభుజాలు ముఖాలుగా ఉన్న ఆకారం తీసుకుని, ఒక్కో ముఖం మీద ఒక్కో కాగితపు శిఖరం నిలపాలి. వేలాడదియ్యడానికి ఒక ముఖం వదిలేస్తే ఇరవై అయిదు శిఖరాలు! ఆ బడిలో చదువుకున్న వెర్బెక్ అనే ఆయన 19వ శతాబ్దం చివర్లో హెర్న్‌హూట్‌లోని తన పుస్తకాల దుకాణంలో వాటిని అమ్మడం మొదలుపెట్టాడు. ఆ ఊరి పేరుతోనే అవి ఈనాటికీ అమ్ముడుపోతున్నాయి. ఇంటింటా వెలిగే ఆ చుక్క ఒకప్పటి లెక్కల పాఠమన్నమాట.

మన చుక్కకి అంత లెక్క అక్కర్లేదు. సమానమైన పుల్లలు అయిదు తీసుకుని, ఒక్కోదాని కొస ఇంకోదాని కొసతో కలిపి కట్టుకుంటూ పోతే చాలు. మూలలన్నీ సమానంగా సర్దితే, కోణమానిని ముట్టకుండానే ఒక్కో మూల 36 డిగ్రీలకి కుదురుతుంది. అలాంటివి రెండు చేసి, కొసలు జతచేసి కట్టి, నడుమ పుల్లలు దాటుకునే అయిదు చోట్లా పొట్టిపుల్లలు అడ్డంపెడితే కడుపు ఉబ్బుతుంది. బల్బుకి చోటు దొరుకుతుంది.

హన్మకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1879లో అడుగుపెట్టింది. వరంగల్ కేథలిక్ మేత్రాసనం 1952లో ఏర్పడింది. కాజీపేటలో ఫాతిమా మాత గుడి ఉంది. పండగ అలా బయటినుంచే వచ్చింది, నిజమే. కానీ చుక్క కట్టే పని మన చేతులకి కొత్తా? బోనాల తొట్టెలు చూడండి. సంక్రాంతి పతంగి చూడండి. అవే వెదురుబద్దలు, అదే రంగుకాగితం, అదే మైదా జిగురు. ఆమాటకొస్తే కాగితమన్న మాటే పారశీకం నుంచి వచ్చింది. ఒకప్పుడు పాలమూరు జిల్లా కోయిల్‌కొండలో చేత్తోనే కాగితం చేసేవారు. 1942లో సిర్పూరు మిల్లు పని మొదలుపెట్టింది, అది వెలసిన ఊరు కాగజ్‌నగరయింది.

చిన్నాడికి ఇదంతా చెబుతుంటే నా చిన్నతనం గుర్తొచ్చింది. మా పక్కింటి పెద్దమ్మ ఏటా డిసెంబరు రాగానే అరుగుమీద కూర్చుని చుక్క కట్టేది. పుల్ల పట్టుకోవడానికి నేను పరిగెత్తబోతే మా నాయనమ్మ వాకిట్లోనే ఆపేసింది.

"వాళ్ళ పండుగ వాళ్ళది. మనకెందుకే?"

నేను ఏడుస్తూ పిట్టగోడ దగ్గరే నిలబడ్డాను. ఆ రాత్రి పెద్దమ్మ చుక్కని బొద్దింకలు కొరికేశాయి. అంటించినచోటల్లా చిల్లులే. పొద్దున్నే ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని దిగులుగా కూర్చుంది. నాయనమ్మ గోడమీంచి చూసింది. కాసేపు ఊరుకుంది. ఆవిడ పట్వారీ ఇంటి కోడలు, దఫ్తర్లకి అట్టలు అంటించిన చెయ్యి. చివరికి ఉండబట్టలేక అంది:

"ఉత్త మైదా అయితే తినకేం జేస్తయమ్మా! చిటికెడు మైలుతుత్తం పడాలె. ఉండు, నేనే ఉడకబెట్టి పంపిస్త."

ఆ జిగురుగిన్నె మోసుకెళ్ళింది నేనే. "పిల్లా, చెయ్యి నోట్లె పెట్టుకునేవు, విషమది!" అని నాయనమ్మ వెనకనుంచి అరుస్తూనే ఉంది. ఇక ఆ ఏటినుంచీ చుక్క వాళ్ళది, జిగురు మాది. పండగనాడు కేకు మా ఇంటికొచ్చేది. నాయనమ్మ తను ముట్టకపోయినా మాకు పంచిపెట్టేది.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. పెద్దమ్మకి చూపు ఆనదు. ఆ ఇంటిముందు నాలుగేళ్ళుగా ప్లాస్టిక్ చుక్కే వెలుగుతోంది.

మా చుక్క పూర్తయ్యేసరికి పదకొండు దాటింది. మైలుతుత్తం మాత్రం వెయ్యలేదు, పిల్లాడి చెయ్యి కదా! ఒక మూల కాస్త వంగింది. మర్నాడు బడినుంచి రాగానే దాన్ని పెద్దమ్మకి చూపించమని వాణ్ణి పంపి, వెనకే నేనూ వెళ్ళాను.

ఆవిడ చుక్కని ఒళ్ళోకి తీసుకుని మూలమూలా తడిమింది. వంగినచోట వేళ్ళు ఆగాయి.

"ఈడ ముడి వదులైంది బిడ్డా. దారం తెస్తవా?"

చిన్నాడు దారంకోసం ఇంట్లోకి పరిగెత్తాడు. నేను కింద కూర్చుని పుల్ల పట్టుకున్నాను.