నిలబడితేనే కనిపించే పాదం

అరకు చుట్టుపక్కల కొండ ఊళ్లలో బతుకంతా కాలినడకే. పోడు చేనుకు ఎక్కాలన్నా, కాఫీ పండ్లు కోయాలన్నా, సంతకు దిగాలన్నా పాదాలనే నమ్ముకోవాలి. రోడ్డు లేనిచోట జబ్బుపడ్డవారిని డోలీ కట్టి మోస్తారు. మోసేవాళ్ల పాదాలు తమ బరువుతో పాటు ఇంకొకరి బరువూ భరిస్తాయి. అలాంటి పాదానికి నొప్పి వచ్చి ఆస్పత్రికి వెళితే, చాలాచోట్ల బల్లమీద పడుకోబెట్టి ఎక్స్‌రే తీస్తారు.

చిక్కు అక్కడే. 26 ఎముకలు, 30కి పైగా కీళ్లు ఉన్న పాదం బరువు పడనప్పుడు ఒకలా, పడ్డాక మరొకలా ఉంటుంది. పడుకున్నప్పుడు నిక్షేపంగా కనిపించే అరికాలి వంపు నిలబడగానే కుంగవచ్చు. ఎముకలను కలిపే బంధనం (లిగమెంట్) తెగినచోట అవి ఎడమవడం కూడా ఒక్కోసారి అప్పుడే బయటపడుతుంది.

నిలబడ్డ పాదాన్ని ఎక్స్‌రేతో చూడడం కొత్త సంగతేమీ కాదు. రాంట్‌జెన్ 1895లో ఎక్స్‌కిరణాలను కనిపెట్టాడు. పాతికేళ్లు తిరిగేసరికి అమెరికా చెప్పుల దుకాణాల్లో చెక్కపెట్టెలు వెలిశాయి. బూట్లు తొడుక్కుని పెట్టె మీద నిలబడితే లోపలి వేళ్ల ఎముకలు తెరమీద కనిపించేవి. పిల్లలు సరదాపడి మళ్లీ మళ్లీ ఎక్కేవారు. కిరణాల హాని తెలిసొచ్చాక 1957లో పెన్సిల్వేనియా రాష్ట్రం వీటిని నిషేధించింది.

లోపలి భాగాలను పొరలు పొరలుగా చూపే సీటీ స్కాన్ 1971లో వచ్చింది. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన ఆ యంత్రంతో లండన్‌లో మొదటి రోగి మెదడును చూశారు. తర్వాత అది శరీరమంతటికీ విస్తరించింది కానీ, రోగి పడుకోక తప్పలేదు. నిలుచున్న స్థితి కోసం కొందరు వైద్యులు పడుకున్న రోగి అరికాలికి పలక ఆనించి నొక్కి చూశారు. నిజంగా నిలబడ్డప్పుడు కండరాలు బిగిసే తీరు అందులో రాదు.

దారి అనుకోని చోట దొరికింది. ఫోర్డ్ కార్ల కంపెనీ పరిశోధకులు ఫెల్డ్‌కాంప్, డేవిస్, క్రెస్ శంకువులా విచ్చుకునే కిరణాలతో తీసిన చిత్రాలను మూడు కొలతల రూపంగా కూర్చే గణిత పద్ధతిని 1984లో ప్రచురించారు. 1990ల చివర ఇటలీలో ఆ తరహా స్కానర్ దంతవైద్యంలోకి వచ్చింది. దంతాల యంత్రాలు చేసిన అనుభవమే తర్వాత పాదాలకూ పనికొచ్చింది. 2010 తర్వాత నిలబడ్డ పాదాన్ని స్కాన్ చేసే యంత్రాలు వచ్చాయి: పెన్సిల్వేనియా కంపెనీ కర్వ్‌బీమ్ ‘పెడ్‌క్యాట్’ను, ఫిన్లాండ్‌లోని ప్లాన్‌మెడ్ ‘వెరిటీ’ని తెచ్చాయి. ఒకప్పుడు పాదాల ఎక్స్‌రే పెట్టెలను నిషేధించిన రాష్ట్రమే ఈ కొత్త యంత్రాల్లో ఒకదానికి పుట్టిల్లయింది.

పెడ్‌క్యాట్‌లో రోగి వేదిక ఎక్కి రెండు పాదాల మీద నిలబడతాడు. కిరణాల గొట్టం, ఎదురుగా చిత్రాలు పట్టే పలక పాదాల చుట్టూ తిరిగి వందల చిత్రాలు తీస్తాయి. కంప్యూటర్ వాటిని కలిపి, ఏ వైపు నుంచైనా తిప్పి చూసుకునే పాదాన్ని తెరమీద నిలుపుతుంది. మడమ ఎంత ఒరిగింది, బొటనవేలి ఎముక పక్కకు జరగడమే కాక మెలి తిరిగిందా అన్నవి కొలవచ్చు. మామూలు సీటీ కన్నా కిరణాల మోతాదూ తక్కువే.

బరువుకూ పాదానికీ ఉన్న లెక్కను జీవితమంతా వెతికిన వైద్యుడొకరు అరకు కొండలున్న ఈ తూర్పు కనుమల బిడ్డే. పాల్ బ్రాండ్ 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టాడు. 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చి కుష్ఠు రోగుల చేతులు, పాదాలు బాగుచేయడానికి పూనుకున్నాడు. కుష్ఠు కండను తినేయడం లేదు, నొప్పి తెలియక ఒకేచోట పదేపదే పడే ఒత్తిడే పుండు చేస్తోందని గ్రహించాడు. తర్వాత అమెరికాలోని కార్విల్‌లో, ఒత్తిడికి చిట్లి రంగు విడిచే సూక్ష్మగుళికల మేజోళ్లను రోగులకు తొడిగి నడిపించాడు. ఎక్కడ రంగు చిక్కగా దిగితే అక్కడ పుండు ప్రమాదం. బ్రాండ్ పైనుంచి చదివిన ఆ బరువు లోపలి ఎముకలను ఎటు తోస్తోందో నేటి స్కానర్ చూపిస్తుంది.

అందుకే పాదాన్ని నిలబెట్టి చూసే ఈ విద్య అవసరం గాయపడ్డ ఆటగాళ్లకే పరిమితం కాదు. కొండల అంచునున్న సాలూరులో కుష్ఠు ఆస్పత్రి ఉంది. స్పర్శ పోయిన పాదాల కష్టం ఈ ప్రాంతానికి కొత్త కాదు. మధుమేహంలోనూ పాదం మొద్దుబారి, నొప్పి తెలియకుండానే ఎముకలు కుంగిపోవచ్చు. స్కానర్ ఖరీదైనది, కొండెక్కడానికి సమయం పడుతుంది. ఈలోగా మామూలు ఎక్స్‌రే యంత్రంతోనే రోగిని గట్టి పీట మీద నిలబెట్టి, పక్కనుంచి ఒకటి, పైనుంచి ఒకటి తీయవచ్చు. చీటీలో ‘నిలబెట్టి తీయండి’ అని వైద్యుడు రాయాలి, రోగి తూలకుండా పట్టుకోవడానికి ఓ ఆసరా కర్ర ఉండాలి.