నీళ్ళంటే పడని లోహం

నూనెలో వేసినా మునగని లోహం ఒకటుందంటే నమ్ముతారా? దాని పేరు లిథియం. లోహాలన్నిటిలోకీ తేలికైనది, నీటి బరువులో ఇంచుమించు సగమే తూగుతుంది. చాకుతో కోస్తే తెగుతుంది. తెగినచోట వెండిలా తళుక్కుమని, చూస్తూండగానే మసిబారిపోతుంది. నీళ్ళలో వేశామా, బుసబుసమని పొంగుతూ హైడ్రోజన్ వాయువును వదిలి తాను కరిగిపోతుంది. అందుకే ప్రయోగశాలల్లో దానికి వాజలైన్ పట్టించి దాస్తారు. ఇంతా చేసి, నీళ్ళంటే పడని ఈ లోహం మనుషులకు ఉపయోగపడాలంటే మాత్రం అడుగడుగునా నీళ్ళే అడుగుతుంది. అనంతపురంలాంటి చోట దీని కథ చెప్పుకునేటప్పుడు ముందు తట్టేది ఆ సంగతే.

1817లో స్టాక్‌హోంలో, బెర్జీలియస్ అనే పెద్దాయన ప్రయోగశాలలో, ఆర్ఫ్‌వెడ్‌సన్ అనే పాతికేళ్ళ కుర్రవాడు ఒక రాయిని పరీక్షిస్తున్నాడు. ఉటో దీవి గనుల్లో దొరికిన పెటలైట్ అది. అందులోని పదార్థాలన్నీ విడదీసి తూచి కలిపితే, సంత నుంచి వచ్చాక చిల్లర లెక్క తేలనట్టు, ఎక్కడో కొంచెం తక్కువ వస్తోంది. ఆ తక్కువైనదే కొత్త మూలకం. రాతిలో దొరికింది గనుక గ్రీకులో రాయి అనే మాటతో పేరు పెట్టారు. కుర్రవాడు లోహాన్ని మాత్రం విడదీయలేకపోయాడు. 1821లో బ్రాండే అనే ఇంగ్లీషాయన విద్యుత్తుతో రవ్వంత తీశాడు.

తీశారు సరే, ఏం చేసుకోవాలో చాలాకాలం తెలియలేదు. కీళ్ళనొప్పులకు మంచిదని లిథియం ఉన్న ఊట నీళ్ళను సీసాల్లో పోసి అమ్మారు. మన పిల్లలు మారాం చేసి తాగే సెవెనప్‌లో కూడా, అది పుట్టిన 1929 నుంచి 1940ల చివరి దాకా లిథియం ఉప్పు కలిపేవారట!

అసలు మలుపు ఆస్ట్రేలియాలో వచ్చింది. జాన్ కేడ్ అనే డాక్టరు యుద్ధంలో జపాన్ వాళ్ళకు చిక్కి మూడేళ్ళు చాంగీ చెరసాలలో ఉన్నాడు. తిరిగివచ్చాక మెల్‌బోర్న్ దగ్గర ఒక మానసిక వైద్యశాలలో పనిచేస్తూ, గినీ పందులకు లిథియం ఉప్పు ఎక్కించి చూశాడు. అవి మెత్తబడి, నిమ్మళంగా పడుకున్నాయి. తరవాత తాను మింగి చూసుకుని, అప్పుడు రోగులకిచ్చాడు. ఉన్మాదంతో ఏళ్ళ తరబడి ఆస్పత్రిలో మగ్గినవాళ్ళు తేరుకున్నారు. 1949లో ఆ సంగతి వ్యాసంగా వచ్చింది. ‘గాలి సోకింది, దయ్యం పట్టింది’ అని మనం తాయెత్తులు కట్టించే జబ్బుల్లో ఒకదానికి మందు ఒక రాతి ఉప్పులో ఉందన్నమాట. ఈ కథలో నాకు బ్యాటరీల కంటే ఇదే గొప్పగా కనిపిస్తుంది.

అయితే ఇది కత్తిమీద సాములాంటి మందు. తక్కువైతే పనిచేయదు, కాస్త ఎక్కువైతే విషం. అందుకే రక్తపరీక్షలు చేయిస్తూ వాడాలి. మూత్రపిండాలకు ఇది ఇంచుమించు ఉప్పులాగే కనిపిస్తుంది. ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గితే, ఉప్పును పట్టి ఉంచినట్టే దీన్నీ బయటికి పోనివ్వవు. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం వడగాడ్పుల్లో పొలం పనికి పోయే మనిషి ఈ మందు వాడుతున్నాడనుకోండి, చెంబెడు నీళ్ళు తక్కువ తాగడం చిన్న సంగతి కాదు. చేతులు బాగా వణకడం, వాంతులు, నడకలో తూలడం కనిపిస్తే డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే. బి.పి. అని ఇంట్లో ఉన్నట్టుండి ఉప్పు మానిపించడం, నొప్పి మాత్రలు సొంతంగా కొని మింగడం కూడా ప్రమాదమే.

ఇక బ్యాటరీల సంగతి. 1970లలో విటింగ్‌హామ్, 1980లో గుడెనఫ్, 1985లో యోషినో ఒకరి పని మీద ఒకరు కట్టుకుంటూ పోగా, 1991లో సోనీ కంపెనీ లిథియం అయాన్ బ్యాటరీని బజారుకు తెచ్చింది. ముగ్గురికీ 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి గుడెనఫ్‌గారికి తొంభై ఏడేళ్ళు! సెల్‌ఫోను మొదలు కారు దాకా ఇప్పుడు అదే. మరి ఆ లిథియం ఎక్కడిది? కొంత భాగం చిలీలోని అటకామా ఎడారిలో భూమి అడుగు నుంచి ఉప్పునీరు తోడి, మడుల్లో నెలల తరబడి ఎండబెట్టగా వస్తుంది. టన్ను సరుక్కి లక్షల లీటర్లు ఆవిరైపోతాయి. మా నీళ్ళు పోతున్నాయని అక్కడి మూలవాసులు మొత్తుకుంటున్నారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే మన సీమవాళ్ళకు ఆ బాధ విడమరిచి చెప్పనక్కరలేదు.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో ప్రారంభమైన కియా ఫ్యాక్టరీ 2025 నుంచి విద్యుత్ కార్లు కూడా చేస్తోంది. (ఊరు 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది.) దానికి నీళ్ళు గొల్లపల్లి జలాశయం నుంచి, అంటే హంద్రీ-నీవా కాలువలో అంతదూరం నడిచివచ్చిన కృష్ణ నుంచి!

అనంతపురంలో లిథియం గనులు లేవు. దగ్గరలో కర్ణాటకలోని మండ్య జిల్లాలో ఉందన్నారుగాని, 2021లో ప్రకటించిన లెక్క 1,600 టన్నులే. మన జిల్లా రాళ్ళలో ఉన్నది లిథియానికి జతగాడు. 2023లో హైదరాబాదు ఎన్.జి.ఆర్.ఐ. శాస్త్రజ్ఞులు దంచెర్ల, రెడ్డిపల్లె వైపు సైనైట్ రాళ్ళలో అరుదైన మూలకాలు పదిహేను ఉన్నాయని చెప్పారు. వాటిలో నియోడిమియం ఒకటి. విద్యుత్ కారుకు బ్యాటరీలో లిథియం ఎంత అవసరమో, మోటారు అయస్కాంతానికి ఇది అంత అవసరం. ఎంత లోతుదాకా ఉన్నాయో తెలియాలంటే కిలోమీటరైనా బోరు వేసి చూడాలన్నారు. వెయ్యి అడుగులు దించినా నీళ్ళు పడని ఊళ్ళ మధ్య!